వోల్టు, వాటు, ఒక పాత అర్జీ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని కార్యదర్శి గారు కోరినప్పుడు, పెన్షను నిబంధనల మీదనో తీర్థయాత్రల మీదనో వ్రాస్తానని అనుకొని ఉంటారు. ఆ రెండూ నాకంటే బాగా వ్రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను కరెంటు గురించి వ్రాస్తున్నాను. సైన్సు చదివినవాణ్ణి కాను, బి.ఏ. వాణ్ణి. అయినా ఈ విషయం నన్ను చాలా ఏళ్ళుగా వదలలేదు. దానికి కారణం ఒక అర్జీ.

ముప్పై ఆరేళ్ళ గుమాస్తా ఉద్యోగంలో నాకు తెలిసిన కరెంటు వేరు. మన కార్యాలయాల భాషలో కరెంటు అంటే వచ్చిన తపాలు. దానికి నంబరు వేయాలి, పర్సనల్ రిజిస్టరులో ఎక్కించాలి, నోట్ ఫైలు వేరుగా కరెంటు ఫైలు వేరుగా పెట్టి సూపరింటెండెంటు గారి బల్ల మీదికి పంపాలి. 1987 వేసవిలో అలా నా సీటుకు వచ్చిన ఒక కరెంటు అసలు కరెంటు గురించే. ఒక మెట్ట పల్లె రైతు పెట్టుకున్న అర్జీ అది. తన బావి మీది 5 హెచ్.పి. మోటారు ఆ ఒక్క ఏడాదిలోనే మూడుసార్లు కాలిపోయిందనీ, వోల్టేజి చాలడం లేదనీ, బావి కింద వేసిన వేరుశనగ ఎండిపోతోందనీ సారాంశం. దానిని తగు చర్య నిమిత్తం సంబంధిత శాఖకు పంపాము. రెండు నెలలకు జవాబు వచ్చింది: "ట్రాన్స్‌ఫార్మరు వద్ద పరీక్షించగా వోల్టేజి సక్రమముగా ఉన్నది." ఆ వాక్యాన్నే తిరగవ్రాసి అర్జీదారుకు పంపే కాగితం చిత్తు నేనే తయారు చేశాను. సంతకం అయింది. ఫైలు మీద ఎల్.డిస్. అని వ్రాసి ముగించాను. ఎల్.డిస్. అంటే ఏమిటో మన మిత్రులకు చెప్పనక్కరలేదు. ఏడాది గడిస్తే చించివేయదగిన కాగితం.

కొద్ది రోజులకు ఆ రైతు మా కాగితం పట్టుకొని స్వయంగా వచ్చాడు. అరవై ఏళ్ళు ఉంటాయి. కోపంగా ఏమీ లేడు.

"సారూ, ట్రాన్స్‌ఫార్మరు కాడ బాగుంటే నాకేంది? నా మోటారుండేది బావి కాడ గదా!" అన్నాడు.

"రిపోర్టు అట్లా వచ్చింది పెద్దాయనా, నేనేం చేసేది?" అన్నాను. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకొని వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో ఒకసారి మోటారు చుట్టించాలంటే నా నెల జీతంలో సగం పట్టేది. ఆయన మూడుసార్లు చుట్టించాడు.

ఈ సంగతి మరచిపోయాననే అనుకున్నాను. రిటైరయిన తరువాత మనవడికి పదవ తరగతి భౌతికశాస్త్రం అప్పజెప్పించుకుంటూ ఉండగా "పొటెన్షియల్ భేదం" అనే పాఠం వచ్చింది. వలయంలోని రెండు బిందువుల మధ్య ఏకాంక ఆవేశాన్ని కదిలించడానికి జరిగే పని, అని నిర్వచనం. వాడు గడగడా చెప్పేశాడు. నేను మాత్రం "రెండు బిందువుల మధ్య" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఏ రెండు బిందువులు? ఆ రైతు నన్ను అడిగింది సరిగ్గా అదే. వోల్టేజి అనేది ఒక చోట ఉండి, తీగ పొడుగునా అదే అంకెగా చేరే వస్తువు కాదు. ఎక్కడ కొలిచామన్నది చెప్పకుండా ఎంత ఉన్నదో చెబితే ఆ మాటకు అర్థం లేదు. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి ప్రపంచానికి ఎంత కాలం పట్టిందో చూద్దామని గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేశాను. అక్కడ దొరికినదే ఈ వ్యాసం.

మొదటి పేరు అలెస్సాండ్రో వోల్టా. ఇటలీలోని కోమోలో 1745లో పుట్టాడు, పావియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. ఆయనకు ముందు విద్యుత్తు అంటే రాపిడి యంత్రాలతో పుట్టించి, లైడెన్ జాడీ అనే గాజు పాత్రలో నిలవ చేసుకొనేది. ముట్టుకుంటే ఒక్క షాకు కొట్టి అయిపోయేది. బొలోనాలో గాల్వానీ అనే వైద్యాచార్యుడు చచ్చిన కప్ప కాలికి రెండు లోహాలు తగిలిస్తే కాలు ఎగిరిపడడం చూసి, ఇది జంతువులో ఉండే విద్యుత్తు అని 1791లో ప్రకటించాడు. వోల్టా మొదట ఒప్పుకొని, తరువాత కాదన్నాడు. కప్ప కేవలం సాక్షి, అసలు సంగతి రెండు వేర్వేరు లోహాలలో ఉన్నది అని ఆయన వాదన. వాదన నిరూపించడానికి కప్పను తీసివేసి, వెండి బిళ్ళ, జింకు బిళ్ళ, ఉప్పునీటిలో తడిపిన అట్ట, మళ్ళీ వెండి, జింకు, అట్ట, ఇలా దొంతర పేర్చాడు. 1800 మార్చి 20న లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరం వ్రాశాడు. మరుసటి సంవత్సరం పారిస్‌లో నెపోలియన్ ఎదుట ప్రదర్శన చేశాడు.

ఒక్కొక్క జత ఇచ్చేది ఇంచుమించు ఒక వోల్టు మాత్రమే. కాని బిళ్ళలు ఎన్ని జతలు పేరిస్తే అంత ఎత్తు పెరిగేది, పైగా షాకు కొట్టి ఆగిపోకుండా ప్రవాహం సాగుతూ ఉండేది. ఎత్తు వేరు, పరిమాణం వేరు అన్న సంగతి వోల్టాకు బాగా తెలుసు. ఆ ఎత్తుకు ఆయన "బిగువు" అనే అర్థం వచ్చే మాట వాడాడు. రెవిన్యూ లెక్కలు వ్రాసినవాళ్ళం గనుక మనకు ఇది సులువుగానే బోధపడుతుంది. చెరువులో నీరు ఎంత ఉన్నదన్నది ఒక లెక్క. తూముకంటే నీటి మట్టం ఎంత ఎత్తున ఉన్నదన్నది ఇంకొక లెక్క.

"పొటెన్షియల్" అనే మాటను ఈ శాస్త్రంలోకి తెచ్చినవాడు ఆచార్యుడు కాదు, పిండిమర యజమాని. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ఊరివాడు జార్జి గ్రీన్. చిన్నప్పుడు బడికి వెళ్ళింది ఏడాది పైచిలుకు. గాలిమర చూసుకుంటూనే గణితం నేర్చుకొని, 1828లో చందాదారుల సాయంతో ఒక వ్యాసం అచ్చు వేయించాడు. యాభై మంది దాకా కొన్నారట. వాళ్ళలో ఎందరికి అర్థమైందో చెప్పలేము. 1841లో ఆయన పోయిన కొన్నేళ్ళకు విలియం థామ్సన్ అనే యువకుడు ఆ ప్రతిని సంపాదించి, మళ్ళీ అచ్చు వేయించి లోకానికి తెలియజేశాడు. ఈ థామ్సనే తరువాత లార్డ్ కెల్విన్ అయ్యాడు. ఆయన ప్రస్తావన ఇంకా వస్తుంది.

ఇప్పుడు ఓమ్ దగ్గరకు వస్తాను. ఈ కథలో నాకు అందరికంటే దగ్గరగా తోచిన మనిషి ఈయనే.

గేయోర్గ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. చదువు లేకపోయినా స్వయంగా గణితం నేర్చుకొని ఇద్దరు కొడుకులకు తానే చెప్పాడు. ఓమ్ 1817లో కొలోన్ నగరంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడుగా చేరాడు. తండ్రి దగ్గర నేర్చిన చేతిపని ఉండటంతో పరికరాలు తానే చేసుకునేవాడు. ఆయన వేసుకున్న ప్రశ్న చాలా మామూలుది. తీగ పొడుగు పెరిగితే ప్రవాహం ఎంత తగ్గుతుంది?

1825లో వోల్టా దొంతరతోనే ప్రయోగం మొదలుపెట్టి లెక్క తప్పాడు. తప్పు ఆయన తెలివిలో లేదు, దొంతరలో ఉంది. ప్రవాహం తీసుకున్న కొద్దీ దాని వోల్టేజి తానే పడిపోయేది. కొలిచేలోగా కొలవవలసినది మారిపోయేది. అప్పుడు పొగెండార్ఫ్ అనే శాస్త్రవేత్త ఒక సలహా ఇచ్చాడు. రెండు లోహాల అతుకుల మధ్య వేడి తేడా ఉంటే స్వల్పంగా విద్యుత్తు పుడుతుందని కొన్నేళ్ళ క్రితమే తెలిసింది, దానిని వాడమన్నాడు. ఓమ్ బిస్మత్తు, రాగి కలిపిన అతుకులు చేసి, ఒకదానిని మరుగుతున్న నీటిలో, రెండవదానిని కరుగుతున్న మంచులో పెట్టాడు. మరిగే నీరు, కరిగే మంచు తమ వేడి మార్చుకోవు గనుక వోల్టేజి కదలకుండా నిలిచింది. రకరకాల పొడుగుల రాగి తీగలను ఒకటొకటిగా వలయంలో పెట్టి, వేలాడదీసిన అయస్కాంతపు ముల్లు ఎంత తిరిగిందో చూసి ప్రవాహం కొలిచాడు.

1826లో తేలిన ఫలితం ఇది. ప్రవాహం కావాలంటే వోల్టేజిని నిరోధంతో భాగించాలి. ఆ నిరోధంలో రెండు భాగాలు ఉన్నాయి. పరీక్షకు పెట్టిన తీగది ఒకటి, వలయంలో అప్పటికే ఉన్న మిగతా సరంజామాది ఒకటి. రెండవ భాగాన్ని ఆయన లెక్కలోంచి జారనీయలేదు. నాకు ఇది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. మా ఫైలులో జారిపోయింది సరిగ్గా ఆ రెండవ భాగమే. మోటారు నిరోధం లెక్కలో ఉంది, ట్రాన్స్‌ఫార్మరు నుంచి బావి దాకా పోయిన తీగ నిరోధం ఎవరి లెక్కలోనూ లేదు.

ఓమ్ 1827లో బెర్లిన్‌లో పుస్తకం అచ్చు వేయించాడు. ఆశించిన ఆదరణ రాలేదు. ప్రకృతిని ఇలా గణితంలో ఇరికించడం అప్పటి జర్మనీ పండితులలో కొందరికి రుచించలేదు. విశ్వవిద్యాలయంలో ఉద్యోగం దొరుకుతుందనుకున్న మనిషి కొలోన్ ఉద్యోగం కూడా వదులుకొని, బెర్లిన్‌లో చిన్న చిన్న బోధన పనులతో కాలం గడిపి, 1833లో న్యూరెంబర్గ్ సాంకేతిక పాఠశాలలో చేరాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చిన తరువాత గాని స్వదేశంలో గౌరవం పెరగలేదు. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో పూర్తి ఆచార్య పదవి 1852లో వచ్చింది, 1854లో కన్ను మూశాడు. ఆయన పేరు కొలమానానికి అంతర్జాతీయంగా స్థిరపడింది 1881లో. మన డి.ఏ. బకాయిలే నయం అనిపించింది.

మరొక వింత ఏమిటంటే, ఈ సూత్రాన్ని ఓమ్‌కంటే నలభై ఏళ్ళకు పైగా ముందు ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ కనిపెట్టి ఉన్నాడు. ఆయన గొప్ప ధనవంతుడు, ఎవరితోనూ మాట్లాడని మనిషి. కొలిచే పరికరం లేనందున ఉప్పునీటి గొట్టాల గుండా షాకు తన శరీరానికే తగిలించుకొని, ఏది ఎక్కువ కొట్టింది, ఏది తక్కువ కొట్టింది అని వ్రాసుకున్నాడు. ఆ కాగితాలు పెట్టెలోనే ఉండిపోయాయి. 1879లో మాక్స్‌వెల్ వాటిని అచ్చు వేయించే దాకా ఎవరికీ తెలియదు. కాగితం మీద ఉన్నంత మాత్రాన పని జరిగినట్టు కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు!

వోల్టేజి సంగతి ఇది. ఇక వాటు.

మాంచెస్టర్ పక్కన సాల్ఫర్డ్‌లో బీరు తయారీదారు కొడుకు జేమ్స్ జూల్. 1840 డిసెంబరులో, ఇంకా ఇరవై రెండేళ్ళు నిండకముందే, తీగచుట్టను నీటి జాడీలో ముంచి కరెంటు పంపి నీరు ఎంత వేడెక్కిందో కొలిచాడు. తేలినది ఏమిటంటే, తీగలో పుట్టే వేడి ప్రవాహంతో సమంగా కాక దాని వర్గంతో సమంగా పెరుగుతుంది. ప్రవాహం రెట్టింపయితే వేడి నాలుగింతలు, మూడింతలయితే తొమ్మిదింతలు. రాయల్ సొసైటీ ఆ వ్యాసానికి సంక్షేప రూపమే అచ్చు వేసింది. పూర్తి వ్యాసం 1841లో మరొక పత్రికలో వచ్చింది.

వాటు పేరు జేమ్స్ వాట్ ది. ఆయన 1819లోనే పోయాడు, విద్యుత్తుతో ఆయనకు సంబంధమే లేదు. తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవారికి చెప్పడానికి ఒక గుర్రానికి నిమిషానికి 33,000 అడుగు-పౌండ్లు అని లెక్క కట్టాడు. అదే మన రైతు మోటారు మీది హెచ్.పి. విలియం సీమెన్స్ 1882లో సౌతాంప్టన్ సభలో అధ్యక్షోపన్యాసం చేస్తూ విద్యుత్ సామర్థ్యానికి వాట్ పేరు పెట్టమని ప్రతిపాదించాడు. వోల్టును ఆంపియరుతో గుణిస్తే వాటు. 746 వాట్లు ఒక గుర్రం. 1889 పారిస్ మహాసభ దానిని ఆమోదించింది.

సీమెన్స్ కన్నా ముందే కొలమానాల అవసరం ఎలా తెలిసివచ్చిందో చెప్పాలి. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున ఐర్లండు నుంచి న్యూఫౌండ్‌లాండ్ దాకా టెలిగ్రాఫు తీగ వేశారు. ఆగస్టు 16న విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి పంపిన 98 మాటల సందేశం అవతలికి చేరడానికి పదహారు గంటలు పట్టింది. కంపెనీ వారి విద్యుత్ నిపుణుడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్ వృత్తిరీత్యా వైద్యుడు. సందేశం నీరసంగా వస్తోంది గనుక గట్టిగా తొయ్యాలని రెండు వేల వోల్టుల దాకా పెట్టాడు. పైన చెప్పిన థామ్సన్, అలా వద్దు, తక్కువ వోల్టేజి పెట్టి అవతల సున్నితమైన అద్దపు గాల్వనామీటరుతో చదువుదాం అన్నాడు. మూడు వారాలకు తీగ మూగబోయింది. తొడుగులో లోపాలు ముందే ఉన్నా, ఆ రెండు వేల వోల్టులు దానిని ముగించాయి. లక్షల పౌండ్లు సముద్రం పాలు.

విచారణ సంఘం కూర్చున్నప్పుడు తేలిన సంగతి ఏమిటంటే, నిరోధం ఎంత, వోల్టేజి ఎంత అని ఇరుపక్షాలూ ఒకే మాటలో చెప్పుకోవడానికి ఒప్పుకున్న కొలతలే లేవు. 1861లో బ్రిటిష్ అసోసియేషన్ అందుకోసం కమిటీ వేసింది. ఇరవై ఏళ్ళ తరువాత, 1881లో పారిస్ మహాసభలో వోల్టు, ఓము, ఆంపియరు అంతర్జాతీయంగా స్థిరపడ్డాయి. ఒక నష్టం జరిగాకనే కమిటీ, కమిటీ వేశాక ఇరవై ఏళ్ళు. ఇది ఒక్క మన దేశపు ఆచారం కాదన్నమాట.

1882 సెప్టెంబరు 4న న్యూయార్క్ పెర్ల్ వీధిలో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలైంది. 110 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఎడిసన్ గొప్పతనం బల్బులో ఉందని మనం చదువుకున్నాము. నాకు మాత్రం ఆయన ఆ బల్బు తీగ నిరోధాన్ని కావాలని నూరు ఓములకు పైగా పెట్టుకోవడంలో ఉందనిపిస్తుంది. అంతకు ముందువాళ్ళు తక్కువ నిరోధం ఉన్న దీపాలు చేశారు. వాటికి పెద్ద ప్రవాహం కావాలి, పెద్ద ప్రవాహానికి లావు రాగి తీగలు కావాలి. ఊరంతా లావు రాగి పరిస్తే ఏ కంపెనీ నిలుస్తుంది? నిరోధం ఎక్కువైతే ప్రవాహం తగ్గుతుంది, రాగి సన్నబడుతుంది. ఓమ్, జూల్ ఇద్దరినీ కాగితం మీద కలిపి చూసుకొని బల్బు చేశాడన్నమాట. అయినా 110 వోల్టులతో మైలు దాటి పంపడం గిట్టుబాటు కాలేదు. చివరి ఇళ్ళ దీపాలు మసకబారేవి. మన పల్లె చివరి బావి గోడు న్యూయార్క్‌లో ముందే మొదలైంది.

దానికి మందు ట్రాన్స్‌ఫార్మరు. 1880లలో గోలార్, గిబ్స్, బుడాపెస్ట్ ఇంజనీర్లు, అమెరికాలో స్టాన్లీ దానిని పనికివచ్చే యంత్రంగా తీర్చిదిద్దారు. బయలుదేరే చోట వోల్టేజి పెంచి ప్రవాహం తగ్గించి, చేరిన చోట మళ్ళీ దించుకోవడం. ఇది ద్విముఖ విద్యుత్తుకే, అంటే ఏ.సి.కే కుదురుతుంది. 1891లో జర్మనీలో లాఫెన్ జలపాతం నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనకు 175 కిలోమీటర్లు 15,000 వోల్టులతో పంపి చూపించారు. దారిలో పోయింది నాలుగవ వంతు మాత్రమే.

మన వైపు ఆ విద్య చాలా త్వరగా వచ్చింది. కావేరి మీద శివసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు 92 మైళ్ళ దూరం. 1902లో ముప్పై వేల వోల్టుల స్థాయిలో కరెంటు పంపారు. మైసూరు దివాను శేషాద్రి అయ్యర్ హయాంలో మొదలైన ఆలోచన అది, పూర్తయ్యే నాటికి ఆయన లేరు. ఆ కాలానికి ప్రపంచంలోని పొడవైన లైన్లలో అది ఒకటి. ఆ గనులలో తమిళులతో పాటు చిత్తూరు వైపు తెలుగువారు కూడా పనిచేశారు. బెంగుళూరు వీధులకు కరెంటు దీపాలు రావడం 1905లో, గనుల తరువాతే. బంగారం ముందు, జనం తరువాత. మన ప్రాంతానికి వస్తే 1955లో మాచ్‌ఖండ్ నుంచి జలవిద్యుత్తు రావడం ఆనాడు ఎంత పెద్ద పండుగో పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

పెద్ద లైన్లలో నేర్చిన పాఠం పొలాలలో మాత్రం అమలు కాలేదు. కొండల నుంచి లక్ష వోల్టులకు పైగా మోసుకొచ్చిన కరెంటును ఊరి పక్క పెద్ద ట్రాన్స్‌ఫార్మరులో దించేసి, అక్కడి నుంచి సన్నని తీగల మీద తక్కువ వోల్టేజితో దూర దూరపు బావులకు పాకించారు. బావులు పెరిగినకొద్దీ తీగ పొడిగించారు.

ఒక చిన్న లెక్క వేస్తాను. మూడు ఫేజులు, పవర్ ఫ్యాక్టరు గొడవ వదిలి సులువుగా చూద్దాం. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 230 వోల్టులు. బావి దాకా పోయి వచ్చే తీగ నిరోధం 2 ఓములు అనుకోండి. బావి దగ్గర 10 ఆంపియర్లు వాడితే తీగలోనే 20 వోల్టులు రాలిపోయి 210 మిగులుతుంది. 200 వాట్లు తీగను వేడి చేయడానికి ఖర్చు. ఆ తీగ మీద ఇంకొందరు మోటార్లు వేసి ప్రవాహం 30 ఆంపియర్లు అయిందా, 60 వోల్టులు రాలి చివర మిగిలేది 170. తీగలో వృథా 1,800 వాట్లు, అంటే రెండు గుర్రాలకు పైన. ప్రవాహం మూడింతలు, నష్టం తొమ్మిదింతలు. జూల్ చెప్పింది ఇదే. అదే సమయంలో ట్రాన్స్‌ఫార్మరు దగ్గర నిలబడి మీటరు పెడితే 230కి దగ్గరగానే చూపిస్తుంది. మాకు వచ్చిన రిపోర్టు అబద్ధం కాదు. అందుకే అంత ప్రమాదకరమైనది.

170 వోల్టుల దగ్గర బల్బు అయితే ఎర్రగా మిణుకుమంటుంది. లెక్క ప్రకారం సగం పైచిలుకు వాట్లే తీసుకుంటుంది, పెద్ద నష్టం లేదు. మోటారు స్వభావం అది కాదు. బావిలోంచి ఎత్తవలసిన నీరు అంతే ఉంది. వోల్టేజి తగ్గితే ఆ పని చేయడానికి ఇంకా ఎక్కువ ప్రవాహం లాగుతుంది. ఎక్కువ లాగితే తీగలో ఇంకా ఎక్కువ రాలుతుంది, చివర వోల్టేజి ఇంకా తగ్గుతుంది. లోపల చుట్టలో వేడి వర్గంలో పెరిగి పూత మాడి కాలిపోతుంది. ఆ రైతు మోటారు మూడుసార్లు కాలడానికి కారణం ఇది.

తప్పంతా శాఖదే అని వ్రాస్తే న్యాయం కాదు. మీటరు తీసి హెచ్.పి.కి ఇంత అని శ్లాబు పద్ధతి పెట్టిన తరువాత, 3 హెచ్.పి. అని వ్రాయించి 5 హెచ్.పి. మోటారు దించిన రైతులు చాలామంది ఉన్నారు. అర్ధరాత్రి కరెంటు వచ్చిన క్షణాన అన్ని మోటార్లూ ఒకేసారి లేచేటట్టు ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకున్నారు. కాగితం మీద ఉన్న లోడు వేరు, తీగ మోసిన లోడు వేరు. దాని ఫలితం తప్పు చేసినవాడికి కాక లైను చివర ఉన్నవాడికి తగిలింది. కాలువ చివరి ఆయకట్టు రైతు ఎలా బాధపడతాడో, ఇదీ అంతే.

నన్ను బాధించిన సంగతి ఇంకొకటి చెప్పాలి. రిటైరయ్యాక 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్సు చదివాను. ఆ నియమావళి స్థానంలో 2010లో కొత్త నిబంధనలు వచ్చాయి గాని, 1987లో అమలులో ఉన్నది అదే. అందులో 54వ నియమం ప్రకారం తక్కువ, మధ్యతరహా వోల్టేజి సరఫరాలో ప్రకటించిన అంకెకు అటూ ఇటూ నూటికి 6కు మించి తేడా ఉండరాదు. 230 అంటే ఇంచుమించు 216 నుంచి 244 వరకు. ఆ తేడా ఎక్కడ చూడాలో కూడా వ్రాసి ఉంది. వినియోగదారుకు సరఫరా మొదలయ్యే చోట. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర అని లేదు. అంటే చదువు లేని ఆ పెద్దాయన నా బల్ల ముందు నిలబడి చెప్పినది 54వ నియమమే. ఆ రోజు పుస్తకం తీసి ఒక పేజీ తిప్పి ఉంటే, "బావి వద్ద, మోటార్లు నడుచుచుండగా పరీక్షించి రిపోర్టు పంపవలెను" అని ఒక్క వాక్యం వ్రాసి కాగితం వెనక్కి పంపగలిగేవాణ్ణి. ఆ మాత్రం అధికారం గుమాస్తా నోటుకు ఉండేది. నేను వ్రాయలేదు.

2000 తరువాత మన రాష్ట్రంలో పొలాల లైన్లు మార్చడం మొదలుపెట్టారు. 11,000 వోల్టుల లైనునే బావుల దాకా తీసుకుపోయి, రెండు మూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టే పద్ధతి. పైన చెప్పిన లెక్కలో బావికి చేరిన 5,100 వాట్లను 11,000 వోల్టులతో అదే తీగ మీద పంపితే ప్రవాహం అర ఆంపియరు కూడా ఉండదు, తీగలో వృథా అర వాటు కూడా ఉండదు. 1,800 ఎక్కడ, అర ఎక్కడ! తొడుగులూ పింగాణీ గుబ్బలూ ఖర్చే, వైట్‌హౌస్ చేసిన తప్పు చేయకుండా వోల్టేజికి తగిన జాగ్రత్త కావాలి. లాఫెన్‌లో 1891లో చేసి చూపించినది మా మెట్ట పల్లె చేరడానికి నూరేళ్ళు దాటింది.

2009లో ఒక పెళ్ళికి ఆ వైపు వెళ్ళవలసి వచ్చింది. భోజనాలయ్యాక ఆ పల్లె పేరు అడిగి ఆటోలో వెళ్ళాను. పెద్దాయన పోయి అప్పటికి ఎనిమిదేళ్ళయిందని చెప్పారు. కొడుకు బావి దగ్గరే ఉన్నాడు. అది బావి కాదు, బోరు. పాత బావి ఎండిపోయిందట. నేను ఎవరినో చెప్పాను. అర్జీ సంగతి అతనికి తెలియదు. మోటారు మూడుసార్లు కాలిన ఏడు మాత్రం గుర్తుంది. ఆ ఏడు తన చదువు మానిపించారట.

గట్టు మీద స్తంభానికి చిన్న ట్రాన్స్‌ఫార్మరు బిగించి ఉంది. అతను స్టార్టరు పెట్టె తలుపు తీసి వోల్టుమీటరు చూపించాడు. మూడు ఫేజుల కరెంటు, మోటారు నడుస్తోంది. ముల్లు 410 దగ్గర నిలబడి ఉంది. "ఇప్పుడు బాగానే ఉంది సార్, ఇదే అప్పుడు ఉండుంటే..." అని ఆగి, మంచినీళ్ళు తెస్తానని గుడిసెలోకి వెళ్ళాడు. నేను ఆ ముల్లు వైపు చూస్తూ అక్కడే నిలబడ్డాను.